రిపోర్టు నార్మల్, పెళ్లిలో మాత్రం మాట అందదు

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా బాపుకు 58 ఏళ్లు. 30 ఏళ్ల నుంచి సాంచాల (మర మగ్గాల) మీద పనిచేస్తున్నడు, ఇప్పటికీ కార్ఖానాకు పోతడు. ఇంట్ల కూసొని మాట్లాడితే అన్నీ మంచిగనే వినపడతయి. నలుగురు చేరిన కాడ మాత్రం ఒకటి అడిగితే ఇంకోటి చెప్తడు. మొన్న మా పిన్ని బిడ్డ పెళ్లిల, మా అన్నకు చూస్తున్న సంబంధం తరఫు పెద్దమనిషి "మీ చిన్నమ్మాయి ఎక్కడ పనిచేస్తది?" అని అడిగితే "తిన్నం, తిన్నం, ఇప్పుడే తిన్నం" అన్నడు. అందరు నవ్విన్రు. అప్పటి నుంచి ఫంక్షన్లకు రానంటున్నడు. చెవి పరీక్ష చేయిస్తే నార్మలే, వయసుకు తగ్గట్టే ఉన్నది అన్నరు. అమ్మేమో "వినాలనుకున్నవే వినపడతయి ఆయనకు" అంటది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలేమోనని అన్నకు భయం. నిజంగ వినపడకపోవుడా, నటననా, మెదడు జబ్బా? చెవి మిషన్ పెట్టిస్తే నయమైతదా?
— ఒక బిడ్డ, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ బాపు అన్న ఆ "తిన్నం" దగ్గరే మొదలుపెడదాం. దాన్ని విని అందరూ నవ్వారు గానీ, ఆయన మెదడు చురుగ్గానే ఉందని నాకు అనిపించింది కూడా ఆ మాట వల్లే.

ఆ సమయంలో ఏం జరిగి ఉంటుందో చూడండి. పెళ్లి. భోజనాల వేళ. వెనక సన్నాయి, డోలు. ఓ పెద్దమనిషి దగ్గరికొచ్చి నవ్వు ముఖంతో ఏదో అడిగాడు. ఆ మోతలో మీ బాపుకు మాట మొత్తం అందలేదు. గట్టిగా పలికే అచ్చులు కొన్ని, ఇది ప్రశ్న అని చెప్పే రాగం, ఆ మనిషి ముఖంలోని మర్యాద, అంతే అందాయి. మిగతాది ఖాళీ. పెళ్లిలో ఆ వేళకు ఎవరైనా మర్యాదగా అడిగేది ఏముంటుంది? "తిన్నరా?" అనే కదా. మెదడు ఆ ఖాళీలో అదే పెట్టేసింది. పెట్టేసి, ఇది నేను ఊహించింది అని చెప్పకుండా, చెవితో విన్నట్టే ఆయనకు అందించింది. అందుకే ఆయన తడుముకోకుండా జవాబు చెప్పాడు. పందెం తప్పింది గానీ, పందెం వేయడం తప్పు కాదు. మనందరి మెదళ్లూ రోజంతా చేసే పని ఇదే. నిశ్శబ్దంలో ఖాళీలు తక్కువ కాబట్టి పట్టుబడం.

దీన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ 1970లో చక్కగా చూపించాడు. రికార్డు చేసిన ఓ వాక్యంలో, ఒక మాట మధ్యలోని ఒక్క ధ్వనిని పూర్తిగా కత్తిరించేసి, అక్కడ ఓ దగ్గు శబ్దం అతికించాడు. విన్నవాళ్లలో దాదాపు అందరూ మాట పూర్తిగానే వినపడిందన్నారు. వెనక ఎవరో దగ్గారని చెప్పారు గానీ, ఆ దగ్గు సరిగ్గా ఏ అక్షరం దగ్గర వచ్చిందో చెప్పలేకపోయారు. అదే చోట దగ్గుకు బదులు ఉత్త నిశ్శబ్దం ఉంచితే మాత్రం వెంటనే పట్టేశారు. ఖాళీని చప్పుడు కప్పినప్పుడే మెదడు దాన్ని పూడుస్తుంది. మీ బాపు విషయంలో దగ్గు స్థానంలో డోలు ఉంది.

ఇక ఆ రిపోర్టు సంగతి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ పరీక్ష అడిగే ప్రశ్న వేరు. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క) సన్నటి కూతలు వినిపిస్తారు. వినపడితే బటన్ నొక్కాలి. ఎంత చిన్న కూతను పట్టుకోగలరన్నదే లెక్క. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు పెట్టి గీత కలుపుతారు. గీత కిందికి దిగిన చోట వినికిడి తగ్గినట్టు. "చప్పుడు ఉందా, లేదా" అన్నదానికి ఇది మంచి జవాబే. "నాలుగు గొంతుల్లో నాకు కావాల్సిన గొంతు ఏమంటోంది" అన్నదానికి ఆ కాగితంలో జవాబు లేదు.

అయినా ఆ కాగితాన్ని ఇంకోసారి తీసి చూడండి. కుడివైపు చివర, 3000 నుంచి 6000 మధ్యలో, ముఖ్యంగా 4000 దగ్గర గీత కిందికి గుంటలా దిగి, 8000 దగ్గర మళ్లీ కొంచెం పైకి లేచిందా? అలా ఉంటే అది ఉత్త వయసు పని కాకపోవచ్చు. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో ఉన్న చెవుల్లో సాధారణంగా కనిపించే గుర్తు అది. వయసు వల్ల వచ్చే తగ్గుదలలో గీత చివరిదాకా దిగుతూనే పోతుంది. రెండూ కలిసే ఉండొచ్చు కూడా. "వయసుకు తగ్గట్టే" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. వయసుకు తగ్గట్టు ఉన్నంత మాత్రాన ఇబ్బంది లేనట్టు కాదుగా.

ఆ చివరి భాగం ఎందుకంత ముఖ్యమంటే, మాటలో బలం అచ్చుల్లో ఉంటుంది, అర్థం చాలావరకు హల్లుల్లో ఉంటుంది. ఆ, ఓ, ఊ లాంటివి తక్కువ హెర్ట్జ్‌లో, గట్టిగా పలుకుతాయి. స, శ, త, క లాంటివి చిన్న చిన్న గాలి చప్పుళ్లు. వాటిని గుర్తుపట్టించే ఆనవాళ్లు ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. బంతిలో కూర్చున్న మనిషికి వడ్డించేవాడి నోట పప్పు, కప్పు రెండూ ఒకేలా వినపడటానికి కారణం ఇదే. "అప్పు" అన్న తోక గట్టిగా వస్తుంది, ముందున్న చిన్న చప్పుడు మోతలో మునిగిపోతుంది. అందుకే ఇలాంటివాళ్లు "వినపడటం లేదు" అనరు. "వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. మీ బాపును అడిగి చూడండి, సరిగ్గా ఈ మాటే అంటారని నా అనుమానం.

గీత నిజంగానే శుభ్రంగా ఉన్నా ఇబ్బంది ఉండొచ్చు. లోపలి చెవిలో మాటను అందుకునే కణాలు ఒక్కో చెవికి సుమారు 3,500 ఉంటాయి. వాటి నుంచి మెదడుకు దాదాపు 30,000 నరం పోగులు వెళ్తాయి. 2009లో అమెరికాలోని బోస్టన్‌లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ చిట్టెలుకల మీద ఓ ప్రయోగం చేశారు. వాటికి రెండు గంటలు పెద్ద చప్పుడు వినిపించారు. కొద్ది రోజులకు వినికిడి మామూలు స్థాయికి వచ్చేసింది. కణాలూ బాగానే ఉన్నాయి. కానీ కణానికీ నరానికీ మధ్య ఉండే అతుకులు, ఎక్కువ హెర్ట్జ్ శబ్దాలను అందుకునే భాగంలో, సగం దాకా పోయాయి. తిరిగి రాలేదు. నిశ్శబ్దంలో చిన్న కూతను పట్టడానికి మిగిలిన పోగులు చాలు. మోతలో మాటను విడదీయాలంటే చాలవు. మనుషుల్లోనూ వయసుతో ఈ అతుకులు తగ్గుతాయని, చనిపోయాక దానం చేసిన చెవులను పరీక్షించి చూశారు. బతికున్న మనిషిలో వీటిని లెక్కపెట్టే నమ్మకమైన పరీక్ష ఇంకా రాలేదు, ఆ అతుకులను తిరిగి తెచ్చే మందూ లేదు. కాబట్టి ఎవరైనా "నరాలకు బలం" అంటూ బిళ్లలు రాసిస్తే మర్యాదగా తిరిగొచ్చేయండి.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను. పెళ్లిలో సన్నాయి, డోలు, పిల్లల కేకలు, పక్క కుర్చీలవాళ్ల ముచ్చట, మీ మాట, ఇవన్నీ విడివిడిగా వచ్చి చెవిలో పడవు. గాలిలోనే కలిసిపోయి ఒకే ఊపుగా కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ ఒక్క ఊపులోంచి ఇది డోలు, ఇది మా బిడ్డ గొంతు అని విడదీయాల్సింది మెదడే. దానికి కొన్ని ఆధారాలు కావాలి. ఒకటి గొంతు స్థాయి: మగవారి గొంతు సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు కంపిస్తే, ఆడవారిది 200 సార్లకు అటూ ఇటూ. అందుకే ఇద్దరు మగవాళ్లు ఒకేసారి మాట్లాడితే విడదీయడం కష్టం, ఒక ఆడగొంతు, ఒక మగగొంతు అయితే తేలిక. రెండోది దిక్కు. కుడివైపు నుంచి వచ్చే మాట కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువన్నా సెకనులో వెయ్యో వంతుకు లోపే, సుమారు 0.7 మిల్లీసెకన్లు. మెదడు కాండంలో ఈ తేడాను కొలిచే కణాల గుంపు ఒకటుంది. అందులో వందో వంతు దగ్గర తేడాను కూడా పసిగట్టగలదు. ఈ కొలత ఆడాలంటే రెండు చెవుల నుంచీ వచ్చే కబురు వేళ తప్పకుండా రావాలి. పోగులు తగ్గినప్పుడు ముందు దెబ్బతినేది ఈ వేళల కచ్చితత్వమే.

మోతలోనూ తేడా ఉంది. ఫ్యాను, జనరేటర్ లాంటి ఒకే తీరు చప్పుడు మాటను కప్పేస్తుంది, అంతే. పక్కవాళ్ల ముచ్చట అలా కాదు. అదీ మాటే కాబట్టి, అదీ తెలుగే కాబట్టి, మెదడు దాన్ని కూడా అర్థం చేసుకోబోయి తడబడుతుంది. దీనికి మన ఫంక్షన్ హాళ్లు తోడు. కింద గ్రానైట్, చుట్టూ గాజు, పైన నున్నటి సీలింగ్. ఒక్క పరదా ఉండదు. ప్రతి మాటా గోడలకు కొట్టుకుని నాలుగుసార్లు తిరిగొస్తుంది, దాని మీద మరో మాట పడుతుంది. పందిరి కింద, ఆరుబయట చేసే పెళ్లిలో ఇంత ఇబ్బంది ఉండదు, అక్కడ చప్పుడు పైకి పోతుంది. పైగా మోత పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రాన్స్‌కు చెందిన చెవి ముక్కు గొంతు వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లోనే దీన్ని వివరించాడు. హాల్లో మూడొందల మందీ అదే పని చేస్తే ఇక చెప్పేదేముంది!

మీ అమ్మగారి మాటకు వద్దాం. "వినాలనుకున్నవే వినపడతయి" అన్నది తిట్టుగా అన్నారు గానీ, అది అందరి విషయంలోనూ నిజమే. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, మనుషుల రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని విన్నది విన్నట్టు పైకి చెప్పమన్నాడు. ఆ తర్వాత రెండో చెవిలో ఏముందని అడిగితే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. మధ్యలో ఇంగ్లిషు పోయి జర్మన్ భాష వచ్చినా గమనించలేదు. మగగొంతు పోయి ఆడగొంతు వస్తే మాత్రం గమనించారు. 1959లో నెవిల్ మోరే ఇంకో సంగతి పట్టుకున్నాడు. వినని చెవిలో వాళ్ల పేరే పలికితే సుమారు మూడో వంతు మంది ఉలిక్కిపడ్డారు. 2012లో కాలిఫోర్నియాలో నిమా మెస్గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల్లో దీన్ని నేరుగా చూశారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నా, మెదడులో మాటను అందుకునే భాగంలో ప్రధానంగా కనిపించింది రోగి శ్రద్ధపెట్టిన గొంతు ఒక్కటే. కాబట్టి పేరు పిలిస్తే తిరిగి చూసి, తర్వాతి మాటకు "ఆఁ?" అన్నంత మాత్రాన నటిస్తున్నట్టు కాదు. పేరు తేలికగా దాటుతుంది. తర్వాతి మాట దాటదు.

అయితే మీ అమ్మగారికీ ఒక పిసరు న్యాయం చేయాలి. కెనడాలో ఇన్‌గ్రిడ్ జాన్స్‌రూడ్ బృందం 18 ఏళ్లకు పైగా కాపురం చేసిన దంపతులతో ఓ పరిశీలన చేసి 2013లో ప్రచురించింది. రెండు గొంతులు కలిసి వస్తున్నప్పుడు భార్య లేదా భర్త గొంతును కొత్తవాళ్ల గొంతుకన్నా బాగా అందుకున్నారు. అంతవరకు బాగుంది. కొత్తవాళ్ల మాట వినాల్సి వచ్చినప్పుడు, భార్యాభర్తల గొంతును పక్కకు పెట్టడం కూడా తేలికైందట! ఈ భాగం అమ్మగారికి చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం. మీకు పనికొచ్చే విషయం వేరే ఉంది. తెలిసిన గొంతును పట్టుకునే ఆ లాభం పెద్ద వయసువాళ్లలోనూ తగ్గలేదు. ఈసారి సంబంధం మాటలకు కూర్చున్నప్పుడు అమ్మగారిని ఆయన పక్కనే కూర్చోబెట్టండి. అవతలివాళ్లు అడిగింది ఆమె ఓసారి తన గొంతుతో అంటే చాలు.

మీ అన్న భయం కొట్టిపారేసేది కాదు. కానీ తేడా చూసుకోవడం తేలిక. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని చెప్పిన మాటను ఆయన అందుకుంటున్నారా? మర్నాడు అది గుర్తుంటుందా? కూలి లెక్కలు, బీముల లెక్కలు, తెలిసిన దారులు సరిగ్గానే ఉన్నాయా? ఉంటే ముందు చూడాల్సింది చెవినే. నిశ్శబ్దంలో చెప్పిందీ మరిచిపోతూ, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ, తెలిసిన పనిలో తడబడుతుంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించండి. వినికిడి తగ్గినవాళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. అందుకని చెవి మిషన్ పెడితే జబ్బు రాదని గ్యారంటీ ఇచ్చే అమ్మకందార్లను నమ్మకండి. 2023లో అమెరికాలో 70 ఏళ్లు దాటినవాళ్ల మీద మూడేళ్లు చేసిన అధ్యయనంలో, మొత్తం మీద చూస్తే మిషన్ల వల్ల పెద్ద తేడా రాలేదు. ముందునుంచే ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం క్షీణత దాదాపు సగం మందగించింది. నాకు అంతకన్నా దగ్గరి భయం ఒకటుంది. ఫంక్షన్లకు రానంటున్నారన్నారే, అది. నలుగురిలోకి రావడం మానేసిన మనిషికి మాట తగ్గుతుంది, మనసు కుంగుతుంది. దానికి ఏ జబ్బూ అక్కర్లేదు.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో ఉండీ మీరు పట్టించుకోనిది. 30 ఏళ్లు సాంచాల మధ్య పనిచేసిన మనిషి. కార్ఖానాలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే, నాడె అటూ ఇటూ కొట్టుకునే చోట పక్కవాడి అరుపు కూడా వినపడదు. మరి అక్కడ వాళ్లు ఎలా మాట్లాడుకుంటారు? అడిగి చూడండి. పెదాల కదలిక, కనుబొమలు, చేతి సైగలు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నేత మిల్లుల కార్మికులు ఇలాగే పెదాలను బాగా కదిలిస్తూ మాట్లాడుకునే పద్ధతి ఒకటి అలవరచుకున్నారు. "మీ-మా" అని దానికి పేరు కూడా ఉంది. మగ్గం చప్పుడు ఎక్కడైనా ఒకటే కదా. 1954లో సంబీ, పొల్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు, మోత పెరిగేకొద్దీ ముఖం చూడటం వల్ల కలిగే లాభం పెరుగుతుందని కొలిచి చూపించారు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ ఇంకో వింత చూపించారు. "బ" అని వినిపిస్తూ, "గ" అనే నోటిని చూపిస్తే చాలామందికి "ద" అని వినపడుతుంది. అంటే కళ్లు చెవికి సాయం చేయడమే కాదు, వినేదాన్నే మారుస్తాయి. మీ బాపుకు ఈ విద్య మనందరికన్నా ఎక్కువ వచ్చు. పెళ్లిలో ఆయన్ను ఎక్కడ కూర్చోబెట్టారో గుర్తు తెచ్చుకోండి. స్టేజీ లైట్లు కళ్లలో పడేలా, అడిగే మనిషి ముఖం చీకట్లో ఉండేలా కూర్చోబెడితే ఆ విద్య ఏం పనికొస్తుంది?

అందుకే మందుల దుకాణానికి ముందు కుర్చీ మార్చండి. గోడకు వీపు ఆనించి, స్పీకర్లకు దూరంగా, వెలుగు ఎదుటివాళ్ల ముఖం మీద పడేలా. వెనక గోడ ఉంటే వెనకనుంచి వచ్చే ముచ్చట ఆగుతుంది. మాట్లాడేవాళ్లు సగం దూరం దగ్గరికి జరిగితే మాట దాదాపు 6 డెసిబెల్స్ గట్టిపడుతుంది. ఇది చిన్న లాభం కాదు, మోతలో వాక్యాలు అర్థమయ్యేదీ కానిదీ ఒకటి రెండు డెసిబెల్స్ దగ్గరే తేలుతుంది. ఒక చెవి మెరుగ్గా ఉందని రిపోర్టులో ఉంటే, ఆ చెవి మీ వైపు ఉండాలి.

మీరు మాట్లాడే తీరూ కొంచెం మారాలి. ముందు పేరు పిలిచి, ఆయన ముఖం మీ వైపు తిప్పాక మాట మొదలుపెట్టండి. ఏ విషయమో మొదటే చెప్పండి: "బాపూ, చెల్లె ఉద్యోగం గురించి అడుగుతున్నరు" అంటే చాలు, "తిన్నం" అనే పందెం ఇక పడదు. జార్జ్ మిల్లర్ బృందం 1951లోనే చూపించింది, రాగల మాటలు ఎన్నో కాకుండా కొన్నే అని ముందే తెలిస్తే, అదే మోతలో అదే మాట ఎక్కువమందికి అందుతుంది. ఒకసారి అందకపోతే అదే వాక్యాన్ని రెండోసారి, మూడోసారి అరవకండి. మాటలు మార్చి చెప్పండి. అరిస్తే అచ్చులు ఇంకా గట్టిపడతాయి, హల్లులు అక్కడే ఉంటాయి. నెమ్మదిగా, అక్షరం అక్షరం తేటగా పలకడం నిజంగా పనిచేస్తుంది. 1985లో అమెరికాలో వినికిడి తగ్గినవాళ్లతో చేసిన కొలతలో, మామూలుగా పలికిన వాక్యాలకన్నా తేటగా పలికినవి 17 శాతం పాయింట్లు ఎక్కువ అర్థమయ్యాయి. ఇంకో మాట: "ఏం లేదులే, పోనీ" అని మాత్రం అనకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ బాధపడి చెప్పేది ఆ "ఏం లేదులే" గురించే.

పరీక్ష ఇంకోసారి చేయించాలి, కానీ ఈసారి వేరే పరీక్ష. ముందు ఈఎన్‌టీ డాక్టరుతో గులిమి ఉందేమో చూపించుకుని, ఆడియాలజిస్టును (వినికిడి పరీక్షలు చేసే నిపుణులను) "మోతలో మాట ఎంత అర్థమవుతుందో చూసే పరీక్ష చేస్తారా, తెలుగు మాటలతో చేస్తారా" అని అడగండి. తెలుగుతో అన్నది ముఖ్యం. రెండో భాషలో మోత మధ్య వినడం ఎవరికైనా కష్టమే, ఇంగ్లిషు వాక్యాలతో చేస్తే చెవి లోపమో భాష లోపమో తేలదు. మీకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముంబయి ప్రధాన కేంద్రానికి పేరిచ్చిన ఆ అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషే.

చెవి మిషన్ మాట. గీత చివర చెప్పుకోదగ్గంత దిగి ఉంటే మిషన్ హల్లులను కొంత తిరిగి ఇస్తుంది. మోతను తీసేయలేదు. రెండు చెవులకూ పెట్టుకోవడం, ముందునుంచి వచ్చే మాటనే ఎక్కువ పట్టే మైకులున్నది తీసుకోవడం మేలు. బిగించిన మర్నాడే పెళ్లికి తీసుకెళ్లకండి. కొన్ని వారాలు ఇంట్లో, తర్వాత ఇద్దరు ముగ్గురిలో, ఆ తర్వాత గుంపులో. కొనేముందు ఇంటికి తీసుకెళ్లి వాడి చూసే వీలు ఇవ్వని దుకాణానికి వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే చెవి యంత్రాలు అన్ని చప్పుళ్లనూ ఒకేలా పెంచుతాయి, అంటే డోలును కూడా. మీ బాపుకు కావాల్సింది చప్పుడు పెరగడం కాదు, మాటకూ మోతకూ మధ్య తేడా పెరగడం. దానికి మిషన్‌తో జతపడే చిన్న మైకు ఒకటి వస్తుంది. మాట్లాడేవాళ్ల చొక్కాకు తగిలిస్తే వాళ్ల నోటి దగ్గరి మాట నేరుగా ఆయన చెవికి చేరుతుంది. సంబంధం మాటల్లో అవతలివాళ్ల చొక్కాకు మైకు పెట్టమనడం ఇబ్బందే, ఒప్పుకుంటాను. టేబుల్ మధ్యలో పెట్టే రకాలూ ఉన్నాయి.

ఇక కార్ఖానా. ఇప్పటికీ వెళ్తున్నారు కాబట్టి, ఉన్నది నిలబెట్టుకోవడం అన్నిటికన్నా ముందు పని. చెవిలో దూది పెట్టుకుంటే లాభం చాలా తక్కువ. మందుల షాపుల్లో మెత్తటి ఫోమ్ ప్లగ్గులు దొరుకుతాయి. శుభ్రమైన చేతులతో దాన్ని సన్నటి పుల్లలా నలిపి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. సరిగ్గా కూర్చుంటే తన గొంతు తనకే లోపల్నుంచి బొంగురుగా వినపడుతుంది. సగం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా పెట్టనట్టే. మగ్గం ఆగిన చప్పుడు తెలియదేమో, దారం తెగితే తెలియదేమో అని ఆయన అభ్యంతరం చెబుతారు, ఎక్కువమంది నేతకారులు చెప్పేది ఇదే. ప్లగ్గు అన్నిటినీ తగ్గిస్తుంది గానీ దేన్నీ పూర్తిగా ఆపదు. వారం రోజుల్లో కొత్త చప్పుడుకు అలవాటుపడి, మగ్గం తేడాను అందులోంచే పట్టుకోవచ్చు. షిఫ్టు అయ్యాక చెవుల్లో గుయ్యిమంటుంటే, అది ఆ రోజు చప్పుడు ఎక్కువైందన్న గుర్తు.

ఎప్పుడైనా ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోయినట్టయి వినికిడి పడిపోతే, లేదా ఒక్క చెవిలోనే గుయ్ మంటూ తల తిరుగుతుంటే, చలువ చేసిందనో గులిమి అనో ఆగొద్దు. అదే రోజు, మహా అయితే మర్నాడు ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ రకం దెబ్బకు మొదటి రెండు వారాల్లోపు చికిత్స మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.